పరదేశములో ఒంటరిగా: అలవాటు ఏది? విశ్వాసము ఏది?



ఐగుప్తులో పరాయివారుగా బ్రతికిన సంగతి మరచిపోక, తమ మధ్యకు వచ్చిన పరదేశిని ఆదరించాలని దేవుడు ఇశ్రాయేలీయులకు ఎన్నోసార్లు ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞలోని బరువు సొంత ఊరిలో కూర్చున్నవానికి సగమే తెలుస్తుంది. తన మాట, తన తిండి, తన మర్యాద ఎవరికీ తెలియని చోట నాలుగు దినములు గడిపినవానికి మిగతా సగము తెలుస్తుంది.

2018లో జర్మనీ దేశములోని లోయర్ సాక్సనీ రాష్ట్రములో, ఒక గ్రామ సంఘము పిలుపు మీద మూడు వారములు ఒంటరిగా ఉన్నాను. ఆ ప్రాంతమునకు మనకు పాత బంధము ఉంది. 1842లో గుంటూరుకు వచ్చి సువార్త పని ప్రారంభించిన హయ్యర్ దొరగారు 1793లో పుట్టినది ఆ రాష్ట్రములోని హెల్మ్‌స్టెట్ పట్టణములోనే. గుంపుగా వెళ్లినవారు తమలో తాము మాట్లాడుకొంటూ తిరిగి వస్తారు. ఒంటరిగా వెళ్లినవానికి మాత్రము ప్రతి చిన్న సంగతీ కంటబడుతుంది. వాటిలో కొన్నిటిని మీ ముందుంచుతున్నాను.

భోజనపు బల్ల దగ్గర

అక్కడ చాలా ఇండ్లలో వేడి భోజనము మధ్యాహ్నమే. రాత్రికి పొయ్యి వెలిగించరు. రొట్టె, వెన్న, జున్ను, సన్నగా కోసిన మాంసపు ముక్కలు బల్లమీద పెట్టి, ప్రార్థన చేసి, ఎవరికి కావలసినది వారే తీసుకొంటారు. అక్కడ చదువుకొంటున్న మన తెలుగు విద్యార్థి ఒకడు నాకు ముందుగానే ఒక మాట చెప్పాడు: "అయ్యగారూ, ఏదైనా వడ్డించబోతే 'డాంకె' అనకండి. వందనాలు అని దాని అర్థమే గాని, భోజనము దగ్గర ఊరకే ఆ మాటంటే వద్దన్నట్లే. కావాలంటే 'గెర్నె' అనండి. వాళ్లు రెండోసారి అడగరు."

మన ఇండ్లలో అతిథి వద్దంటే ఇంకొక గరిటె వేస్తాము. మూడుసార్లు బలవంతపెట్టకపోతే మర్యాద తక్కువైనట్టే. అక్కడ ఒకసారి వద్దన్నవానిని మరల అడిగితే వాని మాట నమ్మనట్లు. మనది ఆకలి తీర్చాలనే ప్రేమ, వారిది ఎదుటివాని మాటకు విలువనిచ్చే ప్రేమ. ఈ సంగతి తెలియనివాడు ఆ ఇంట అర్ధాకలితో లేచి, వీరికి ప్రేమ లేదని ఇంటికి ఉత్తరము వ్రాయగలడు!

వీధిలో చూచినవి

రోడ్డు దాటేచోట నడిచేవారికి కూడ ఎర్రదీపము ఉంటుంది. ఇరువైపులా ఒక్క బండి కూడ లేకపోయినా అనేకులు పచ్చదీపము వచ్చేవరకు కదలరు. అందరూ అలా ఆగుతారని చెప్పను. కాని పక్కన చిన్నపిల్లలుంటే తప్పక ఆగాలని పెద్దలు ఎంచుతారు. పిల్లలకు మాదిరిగా ఉండుమని గుర్తు చేసే పలకలు కూడ కొన్ని చోట్ల కనబడతాయి. చిన్నవారికి అభ్యంతరము కలిగించకూడదని ప్రభువు గట్టిగా హెచ్చరించిన మాట నాకు ఆ రోడ్డు ప్రక్కనే జ్ఞాపకము వచ్చింది.

మరొకటి. అక్కడ నీళ్లు, పానీయముల సీసాలు కొన్నప్పుడు ధరతో పాటు కొంత డిపాజిట్టు కట్టాలి. ఒకసారి వాడి పారవేసే సీసాలకు 2003 నుండి అది 25 సెంట్లు. ఖాళీ సీసా దుకాణములో తిరిగి ఇస్తే ఆ డబ్బు వస్తుంది. బీదలు కొందరు వీధులలో సీసాలు ఏరుకొని ఆ డబ్బుతో కొంత గడుపుకొంటారు. అందుచేత కొందరు ఖాళీ సీసాను చెత్తడబ్బాలో వేయక దాని ప్రక్కన నిలబెట్టి వెళతారు, ఏరుకొనేవారు చెత్తలో చెయ్యి పెట్టే అవసరము లేకుండ. బోయజు తన పొలములో రూతు పరిగె ఏరుకొనుటకు పనలు కావాలనే వదలించాడు గదా! పరిగె ఏరుకోవడము ఎరిగిన మన పల్లెవారికి దీనిని వివరించనక్కరలేదు.

ఆరాధనలో

దేవాలయములోనికి అందరూ బూట్లతోనే వస్తారు. స్త్రీల తలమీద ముసుగు లేదు. భార్యాభర్తలు ఒకే బల్లమీద కూర్చుంటారు. మండుచున్న పొద దగ్గర మోషేకు కలిగిన ఆజ్ఞను తలంచుకొని చెప్పులు గుమ్మము బయట విడిచే మనకు ఇది వింతయే. కానుక సంచిలో ఎక్కువగా చిల్లర నాణెములే పడ్డాయి. చూడగానే పిసినారులని తీర్పు తీర్చవచ్చును. అయితే ఆ రాష్ట్రములో సభ్యుని ఆదాయపు పన్నుపై 9 శాతము లెక్కకట్టి, సంఘపు పన్నుగా ప్రభుత్వమే వసూలు చేసి సంఘమునకు చేరుస్తుంది. సంచిలో పడేది దానికి అదనము.

పరలోక ప్రార్థన మొదలు కాగానే అందరూ లేచి నిలబడ్డారు, పైన గంట మ్రోగింది. ఎందుకని అడిగితే, మంచము పట్టి గుడికి రాలేనివారు ఆ గంట విని ఇంటిలోనే అదే సమయమున ప్రార్థనలో కలుస్తారని చెప్పారు. బూట్లు చూచి భక్తి లేదనుకొన్నవాడు ఈ గంట మాట వినకుండనే తిరిగి వచ్చేవాడు.

అక్టోబరు మొదటి ఆదివారమున వారికి కూడ పంట పండుగ. బలిపీఠము ముందు గోధుమ పనలు, గుమ్మడికాయలు, ఆపిల్ పండ్లు, రొట్టెలు. మన కోళ్లు, కొబ్బరికాయలు, ధాన్యపు బస్తాలు కళ్లముందు మెదిలాయి. వేలంపాట మాత్రము లేదు!

ఒక విచారము కూడ చెప్పాలి. అక్కడ ఆదివారము దుకాణములు మూసి ఉంటాయి. ఆదివారపు విశ్రాంతిని కాపాడే 1919 నాటి నిబంధనను 1949 రాజ్యాంగములో కూడ నిలిపారు. అయినను ఆ గుడిలో సగము బల్లలు ఖాళీ, వచ్చినవారిలో తల నెరిసినవారే ఎక్కువ. చట్టము సెలవు ఇవ్వగలదు గాని ఆరాధించే మనస్సును ఇవ్వలేదు.

అలవాటును ఎలా తూచాలి?

అలవాటే గదా అని అన్నిటినీ ఒప్పుకోవాలా? కూడదు. మన పల్లెల హోటళ్లలో కొందరికి వేరు గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతిని కూడ అలవాటనే అన్నారు. కాబట్టి ప్రతి అలవాటును రెండు ప్రశ్నలతో తూచుదాము. ఇది ప్రభువు ఆజ్ఞయా, మన తాతల వాడుకయా? ఇది మనలో బలహీనుని నిలబెడుతుందా, పడగొడుతుందా? సీసాను ప్రక్కన నిలబెట్టడము ఈ పరీక్షలో నిలుస్తుంది, వేరు గ్లాసు నిలువదు. చెప్పులు విడిచినా విడువకపోయినా, అది ప్రభువు కొరకైతే ఒకరినొకరము తీర్పు తీర్చనక్కరలేదు. రోమా సంఘములో తిండిని గూర్చి, దినములను గూర్చి కలహము వచ్చినప్పుడు పౌలు నేర్పినది ఇదే.

మన ఊరి పరదేశి

కోనసీమ నుండి, కడప జిల్లా నుండి ఎందరో అక్కచెల్లెండ్రు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఒంటరిగా ఉన్నారు. వారికి అక్కడ ఎవరైనా ఒక మంచి మాట చెప్పాలని మనము ప్రార్థిస్తాము. అదే ప్రార్థనను మన పొరుగున ఎవరో మన వలన పొందవలసియున్నది. ఇటుక బట్టీలలో పని చేయుటకు ఒడిషా నుండి మన ఊళ్లకు కుటుంబములు వస్తాయి. వారిలో కొందరు ఆదివారము గుడికి వచ్చి వెనుక గోడకు ఆనుకొని కూర్చుంటారు. మన పాట వారికి రాదు, మన పద్ధతి తెలియదు. ఆరాధన ముగియగానే మౌనముగా వెళ్లిపోతారు.

సంఘ పెద్దలారా, స్త్రీల సమాజపు సహోదరీలారా, వారి పేర్లు అడగండి. వారి భాషలో ఒక పాట పాడించండి. పంట పండుగ భోజనమునకు మొదటి పంక్తిలో కూర్చోబెట్టండి. వడ్డించేటప్పుడు వారు వద్దంటే, మన పద్ధతి చొప్పున ఇంకొకసారి అడగండి.

పరదేశులను కాపాడే ప్రభువు మన కుటుంబములను, దూరదేశములలో ఉన్న మన బిడ్డలను దీవించును గాక. ఆమేన్.