ఏలిక పాము కడుపులోకి ఎలా చేరుతుంది?

"మట్టి చేతులతో తింటే కడుపులో పాములు పెరుగుతాయి" అని అమ్మమ్మ అంటే ఉత్త బెదిరింపు అనుకున్నారా? కాదర్రా, నిజమే! వాటిని ఏలిక పాములంటారు. మీ బడి సంచిలోని 30 సెంటీమీటర్ల స్కేలు తీసి చూడండి. బాగా ఎదిగిన ఆడపురుగు దాదాపు అంత పొడవుంటుంది.

మరి అంత పొడవైనది నోట్లోంచి ఎలా దూరింది? అది పాముగా రాదు, కంటికి కనిపించని గుడ్డుగా వస్తుంది. పురుగులున్నవాళ్లు ఆరుబయట మలవిసర్జన చేస్తే గుడ్లు మట్టిలో కలుస్తాయి. అక్కడ కొన్ని వారాలు ఉండి, మన గోళ్ల సందుల్లోకో, సరిగా కడగని కొత్తిమీర కట్టలోకో చేరతాయి. ఆపైన అన్నం ముద్దతో లోపలికి!

అసలు విచిత్రం ఇప్పుడే. పేగులో గుడ్డు పగిలి పిల్లపురుగు వస్తుంది. కానీ అక్కడ ఉండదు. పేగు గోడను తొలుచుకుని, రక్తంలో కొట్టుకుపోయి ఊపిరితిత్తులకు చేరుతుంది. కొన్నాళ్లు పెరిగి గొంతుదాకా పాకుతుంది. మనం దగ్గుతాం, గుటక వేస్తాం. అంతే, మళ్లీ పేగులోకి! ఈసారి అక్కడే కాపురం. మన పప్పన్నంలో వాటా దానిది. అందుకే తిన్నది ఒంటికి పట్టదు. మరీ ఎక్కువైతే, సింకు గొట్టంలో జుట్టు ఇరుక్కున్నట్టు, ఉండచుట్టుకుని పేగుకే అడ్డం పడతాయి. తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది కదూ! పైగా ఒక్క ఆడపురుగు రోజుకు 2 లక్షల గుడ్ల దాకా పెడుతుంది.

ఫిబ్రవరి 10న బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఈ పురుగులకు చక్కెర అందకుండా చేస్తుంది. శక్తి లేక అవి చచ్చి, మలంతో బయటికి పోతాయి. ఈసారి ఆ మాత్ర ఇస్తే జేబులో దాచకండి, బాగా నమిలి మింగండి.