సాధనం – సాధన

కంప్యూటరు ముందు కూర్చున్నవారి అరచేతి కింద ఒదిగి ఉండే చిన్న పరికరం మౌస్. బజారులో అది మూడు నాలుగు వందల రూపాయలకు దొరుకుతుంది. పదివేలు దాటిన వెలకూ దొరుకుతుంది. రెండూ చేసే పని ఒక్కటే. చేతి కదలికను తెరమీది బాణపుగుర్తు కదలికగా మార్చడమే ఆ పని. మరి వెలలో ఇంత అంతరం ఎందుకు? కంప్యూటర్ ఆటలపై మక్కువగల విద్యార్థి ఖరీదైన గేమింగ్ మౌస్ కొనిపెట్టమని ఇంట్లో పట్టుబట్టినప్పుడు ఇది కేవలం సాంకేతిక ప్రశ్నగా మిగలదు. ఒక కుటుంబపు నెలసరి ఖర్చుకు సంబంధించిన ప్రశ్న అవుతుంది. కనుక దీనిని వివేచనతో పరిశీలించడం అవసరం.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించిన ఈ పరికరానికి 1964లో ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చాడు. అది ఒక చెక్కపెట్టె. దాని అడుగున ఒకదానికొకటి లంబంగా అమర్చిన రెండు చక్రాలు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో సభలో ఎంగెల్‌బార్ట్ దానిని లోకానికి చూపాడు. తరువాత చక్రాల స్థానాన్ని బంతి ఆక్రమించింది. బంతికి దుమ్ము పట్టి మౌస్ తరచు మొరాయించేది. ప్రత్యేకమైన పలక అవసరం లేకుండా కాంతితో పనిచేసే మౌస్‌ను 1999లో మైక్రోసాఫ్ట్ సంస్థ విపణిలోకి తెచ్చిన తరువాత బంతి క్రమంగా కనుమరుగైంది.

నేటి మౌస్ అడుగున ఒక చిన్న దీపం, ఒక సూక్ష్మమైన కెమెరా ఉంటాయి. ఆ కెమెరా బల్ల ఉపరితలాన్ని సెకనుకు వేయిసార్లకు మించి చిత్రిస్తుంది. వరుస చిత్రాలను పోల్చి మౌస్ ఎటు, ఎంత దూరం జరిగిందో లోపలి చిప్ లెక్కిస్తుంది. ఒక అంగుళం జరిగినప్పుడు ఎన్ని అడుగులుగా లెక్కించగలదో తెలిపే సంఖ్యే డి.పి.ఐ. వ్యాపార ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించే సంఖ్య ఇదే.

ఈ సంఖ్య ఎంత పెద్దదైతే మౌస్ అంత మేలైనదని పలువురి భ్రమ. చిన్న లెక్క వేస్తే ఈ భ్రమ తొలగుతుంది. తెర వెడల్పు 1920 చుక్కలు అనుకుందాం. 800 డి.పి.ఐ. వద్ద బాణపుగుర్తు తెర ఈ కొననుండి ఆ కొనకు చేరడానికి చేయి 2.4 అంగుళాలు జరగాలి. 25,600 డి.పి.ఐ. వద్ద రెండు మిల్లీమీటర్లయినా జరగనక్కరలేదు. అంత సున్నితమైన కదలికను ఏ చేయి అదుపు చేయగలదు? వృత్తిగా ఆడే క్రీడాకారులలో అనేకులు 400, 800 వంటి చిన్న సంఖ్యలనే ఎంచుకోవడానికి కారణం ఇదే.

రెండవ ఆకర్షణ వేగం. సాధారణ మౌస్ తన కదలికను కంప్యూటరుకు సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి తెలుపుతుంది. గేమింగ్ మౌస్ వేయిసార్లు తెలుపుతుంది. ఖరీదైనవి కొన్ని 8000 సార్లు తెలుపుతాయి. మొదటి మెట్టులో ఆదా అయ్యేది ఏడు మిల్లీసెకన్ల వరకు. రెండవ మెట్టులో ఒక్క మిల్లీసెకను కూడా కాదు. సాధారణ తెర సుమారు 17 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే మారుతుంది. కంటికి కనిపించినదానికి చేయి స్పందించడానికి 200 మిల్లీసెకన్లో, అంతకు మించో పడుతుంది. మొదటి మెట్టు ప్రయోజనం రెండువేల రూపాయల లోపు మౌస్‌లోనూ లభిస్తున్నది.

అంతమాత్రాన ఖరీదైనవన్నీ వ్యర్థమనడం న్యాయం కాదు. వంద గ్రాములు దాటే మౌస్‌కు బదులు అరవై గ్రాముల మౌస్ వాడితే గంటల తరబడి ఆడేవారి మణికట్టుకు శ్రమ తగ్గుతుంది. తీగలేని మౌస్‌లలో మేలైనవి నేడు తీగ ఉన్నవాటితో సమానంగా స్పందిస్తున్నాయి. బటన్ల మన్నిక మరొక అంశం. రెండు కోట్ల క్లిక్కులకు తట్టుకునే బటన్‌ను రోజుకు ఐదువేలసార్లు నొక్కినా, లెక్క ప్రకారం పదేళ్లకు పైగా మన్నాలి. అయితే లోపలి లోహపు రేకు అరిగిన మౌస్‌లో ఒక్క క్లిక్కు రెండుగా నమోదవుతుంది. కాంతితో పనిచేసే బటన్లున్న మౌస్‌లలో ఈ బాధ ఉండదు. అన్నిటికంటె ముఖ్యమైనది ఆకారం. చేతికి అమరని మౌస్ ఎంత వెలపెట్టి కొన్నా బరువే.

ఆడలేక మద్దెల ఓడు అన్నాడని సామెత. ఓటమికి పరికరాన్ని నిందించేవారికి ఈ సామెత చక్కగా వర్తిస్తుంది. కాని ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడు కావచ్చు. క్లిక్కు తప్పే మౌస్‌తో, గుర్తు తడబడే మౌస్‌తో ఎంతటి నిపుణుడూ ఆడలేడు. అప్పుడు కొత్తది కొనడం విలాసం కాదు, అవసరం. అలాగే 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ ఆటలకు పతకాలు ఇచ్చారు. అటువంటి వేదికలపై పోటీపడేవారికి మిల్లీసెకను కూడా విలువైనదే.

మహాభారతంలోని మౌసల పర్వం ఇక్కడ స్మరణీయం. శ్రీకృష్ణుని నిర్యాణం తరువాత యాదవ స్త్రీలను వెంటబెట్టుకొని వస్తున్న అర్జునుణ్ణి దారిలో దొంగలు అడ్డగించారు. చేతిలో ఉన్నది గాండీవమే. కాని దానిని ఎక్కుపెట్టడమే కష్టమైంది, దివ్యాస్త్రాలు స్ఫురించలేదు, అమ్ములు అయిపోయాయి. చివరకు వింటికొనతో కొట్టవలసి వచ్చింది. విల్లు మారలేదు, పట్టిన చేయి మారింది.

కనుక నేర్చుకునే దశలో ఉన్నవారికి చేతికి అమరే, లోపంలేని, మధ్యస్థమైన వెలగల మౌస్ చాలు. సాధన పెరిగి, పరికరమే తనను అడ్డగిస్తున్నదని అనుభవంలో తేలినప్పుడు ఖరీదైనదాని గురించి ఆలోచించవచ్చు. సాధనాన్ని డబ్బిచ్చి కొనవచ్చు. సాధనను ఎవరికివారు సంపాదించుకోవలసిందే.

ప్రశ్నలు
1. డి.పి.ఐ. సంఖ్య పెద్దదైనంత మాత్రాన మౌస్ మేలైనది కాదని ఎలా చెప్పవచ్చు?
2. ఖరీదైన మౌస్ కొనడం ఏయే సందర్భాలలో సమంజసం?
3. ‘విల్లు మారలేదు, పట్టిన చేయి మారింది’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.