"వయసైపోయింది" అనే ముందు

2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక మన ఇళ్లలో కొత్త రకం వీడ్కోళ్లు మొదలయ్యాయి. కొడుకో కూతురో అమెరికా ఎక్కుతారు, వాళ్లు ముద్దుగా పెంచుకున్న లాబ్రడార్ అమ్మానాన్నల దగ్గర మిగిలిపోతుంది. వెంట తీసుకెళ్లడం మాటలు కాదు. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనమూ ఉన్నాం. పైగా 2024 ఆగస్టు నుంచి అమెరికాలో అడుగుపెట్టే ప్రతి కుక్కకూ మైక్రోచిప్ ఉండాలి, ఆరు నెలలు నిండి ఉండాలి. ఇక ఇంట్లో ముగ్గురూ కలిసే ముసలివాళ్లవుతారు.

చిక్కంతా అక్కడే. తమ మోకాళ్ల నొప్పినే "వయసు మీద పడింది" అని సర్దుకునే పెద్దలు కుక్కనూ అదే లెక్కలో వేస్తారు. లేవడానికి తటపటాయిస్తుంటే కీళ్ల నొప్పి కావచ్చు, మందుంది. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారకుండా ఓ పాత చాప పరిచినా సగం బాధ తగ్గుతుంది. కళ్లలో నీలిబూడిద రంగు కనబడితే మాత్రం కంగారు పడక్కర్లేదు. ముసలి కుక్కల్లో అది మామూలే, చూపు పెద్దగా పోదు. తెల్లటి శుక్లం వేరు. ఏది ఏదో డాక్టరే తేల్చాలి.

నేను అందరికీ చెప్పేది నీళ్ల గిన్నె సంగతి. మే నెల ఎండల్లో ఎక్కువ తాగితే ఎవరికీ అనుమానం రాదు. అందుకే కొలిచి పోయండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటిందంటే, అంటే 30 కిలోల కుక్క మూడు లీటర్లకు మించి తాగుతోందంటే, కిడ్నీ జబ్బో షుగరో ఉందేమో డాక్టరుకు చూపించాలి. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీల సత్తువ దాదాపు ముప్పాతిక వంతు పోయి ఉంటుంది. గిన్నె అంతకంటే ముందే చెబుతుంది. ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకొచ్చిన నెలా రెండు నెలల్లో నీళ్లు తెగ తాగుతూ తిండి మానేస్తే గర్భసంచిలో చీము పట్టిందేమో, ఆ పూటే తీసుకెళ్లాలి.

గాఢనిద్రలో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. రోజూ నిమిషానికి 30 దాటుతుంటే గుండె పరీక్ష చేయించాలి. రాత్రిళ్లు ఊరికే తిరగడం, గోడవైపు చూస్తూ నిలబడిపోవడం మతిమరుపు లక్షణాలు.

ఇంకొకటి. నాన్నగారి నొప్పి మాత్ర కుక్కకు వేయకండి. ఐబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ మాత్ర ప్రాణం తీయగలదు.

విమానాశ్రయం దారిలో, ఆరాంఘర్ దగ్గరి రాజేంద్రనగర్‌లోనే పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. అక్కడైనా సరే, మీ దగ్గర్లోని పశువైద్యుడి దగ్గరైనా సరే, ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కను ఆరు నెలలకోసారి చూపించండి. దూరాన ఉన్న పిల్లలకో మాట: వీడియో కాల్‌లో "టామీ బాగుందా?" అంటే "ఆ, బాగానే ఉంది" అనే వస్తుంది. ఇవాళ ఎన్ని నీళ్లు తాగిందో అడగండి.