పాలిచ్చే తల్లికి వేయవలసిన ప్రశ్నలు

పాలిచ్చు తల్లికి త్వరగా మరల కడుపు నిలువదన్న మాట మన పల్లెలలో ఏనాటిదో! నిజామాబాదు ఆసుపత్రిలోనో, బోధను చెరకు గ్రామాలలో తిరిగే నర్సమ్మ వద్దనో ఒక బాలింత ఈ సంగతి అడిగినదనుకొందము. “అది ముసలమ్మల మాట” అని కొట్టివేయుట సులభము. “పాలిచ్చినన్నాళ్లు భయము లేదమ్మా” అనుట మరింత సులభము. రెండును పొరపాటే. రెండవది ప్రమాదము కూడ. చంకలో బిడ్డ ఉండగానే కడుపులో మరొక బిడ్డ పడవచ్చును.

శిశువు చన్ను కుడుచునపుడు ఆ స్పర్శ నాడుల ద్వారా మెదడును చేరి, అండము విడుదలకు కావలసిన హార్మోనులను అణచుచున్నది. కాపాడునది పాలు కాదు, కుడుచుట. పాలు పిండి గిన్నెతో పట్టినచో ఆ రక్షణ అంతగా దక్కదు. 1988లో ఇటలీలోని బెలాజియోలో సమావేశమైన నిపుణులు మూడు నిబంధనలు చెప్పిరి. బిడ్డకు ఆరు నెలలు నిండరాదు. తల్లికి ముట్టు తిరిగి రారాదు. బిడ్డకు దాదాపు పూర్తిగా తల్లిపాలే ఆహారము కావలెను. మూడును కుదిరినచో రక్షణ 98 శాతము. ఒకటి తప్పినను వేరు సాధనము కావలెను. ముట్టు రాకముందే అండము విడుదల కావచ్చును గనుక, ఆరు నెలలు దాటిన పిదప “ఇంకను ముట్టు కాలేదు గదా” అన్న ధీమా చెల్లదు.

మూడవ నిబంధన ఈ ప్రాంతమున నిలుచుట కష్టము. పాలిచ్చుటలో పగలు నాలుగు గంటలు, రాత్రి ఆరు గంటలు మించి ఎడము ఉండరాదందురు. చెరకు నరుకబోయిన కూలితల్లికి అది ఎట్లు సాధ్యము? బీడీలు చుట్టు తల్లి ఇంటిపట్టున ఉండును గనుక ఆమెకు కొంత వీలు. 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది గాని, పసికందు నోట చక్కెరనీళ్లు పోయు అలవాటు ఇంకను అక్కడక్కడ మూతపడలేదు! దానికి తోడు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు శస్త్రచికిత్సతోనే జరిగినవి. అట్టిచోట తొలిపాలు ఆలస్యమై, డబ్బాపాలు ముందు వచ్చుట తరచు.

కావున నర్సమ్మ అవుననక, కాదనక, ముందు అడుగవలెను: బిడ్డకెన్ని నెలలు? ముట్టు వచ్చినదా? రాత్రి ఎన్నిమార్లు కుడుచును? నీళ్లు, తేనె ఏమైన పట్టుచున్నారా?

టీకాల పట్టికలో 14వ వారము తరువాత మరల తొమ్మిదవ నెలయే. గడువు తీరు ఆరవ నెల ఆ రెంటి నడుమ జారిపోవును. కాబట్టి 14వ వారపు టీకానాడే తల్లికి చెప్పవలెను: అన్నప్రాశననాటికి కాపర్-టీయో, అంతరా సూదియో నిర్ణయమై ఉండవలెనని.