అలలు వాయించు వాద్యములు

క్రొయేషియా దేశమున ఆడ్రియాటిక్ సముద్రతీరమందు జాదర్ అను ప్రాచీన నగరము కలదు. రెండవ ప్రపంచయుద్ధమున బాంబుల వర్షమునకు ధ్వస్తమైన ఆ నగరమును తిరిగి కట్టినవారు, సముద్రపు టంచున పొడుగాటి కాంక్రీటు గోడ నిలిపి, ఒకప్పటి శోభయేమియు మిగులకుండ చేసిరి. 2005 లో నికోలా బాషిచ్ అను వాస్తుశిల్పి ఆ గట్టున సుమారు 70 మీటర్ల మేర, నీటిలోనికి దిగు తెల్లని రాతిమెట్లను నిర్మించి, వాని గర్భమున పొడవునందును వ్యాసమునందును భేదించు 35 పాలిథీన్ గొట్టములను అమర్చెను. నాటినుండి ఆ మెట్లపై కూర్చున్నవారికి, వాయించువాడు కానరాకయే, సంగీతము వినవచ్చుచున్నది.

ఇందలి కీలకము మన పిల్లనగ్రోవిలోనిదే. అల వచ్చి గొట్టపు క్రిందినోట చొరబడగా, లోపలి గాలి ఒత్తిడికి లోనై పైకి తన్నుకొనివచ్చి, ఈలవంటి సన్నని చీలికగుండ వెలువడును. ఆ చీలిక అంచున అటునిటు ఊగులాడిన గాలిపాయ అచ్చటి వాయుస్తంభమునంతటిని కంపింపజేయును. స్తంభము పొడవైన కొలది స్వరము మంద్రమగును. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పయనించును గనుక, రెండు కొనలును తెరచియున్న 1 మీటరు గొట్టము సెకనుకు ఇంచుమించు 170 కంపనములు గల స్వరమును, 2 మీటర్ల గొట్టము అందు సగమును పలుకును. ఆ నాదము మెట్లపైనున్న నడకదారి రంధ్రములనుండి వెలికివచ్చును.

అయితే ఏ అల ఏ గొట్టమున ఎప్పుడు దూరునో చెప్పగల జ్యోతిష్కుడు లేడు. వాదకుడు ఇంతటి స్వేచ్ఛాచారియైనప్పుడు శ్రుతి కూర్చువాని బాధ్యత ఇనుమడించును. గొట్టములను ఐదేసి చొప్పున 7 సముదాయములుగా విభజించి, మన శంకరాభరణమునకు సాటియైన పాశ్చాత్య మేజర్ స్వరగ్రామమునుండి పరస్పరము పొసగు స్వరములను ఏరి కూర్చుటచేత, అలలు తోచినట్లు మీటినను చెవికి వెగటు పుట్టదు. ఈ నిర్మాణమందలి అసలు కళ, నా మట్టుకు, రాతిమెట్లలో లేదు. ఈ ఏరుకొనుటలోనే యున్నది.

గాలికి మ్రోగు శిల్పములును లేకపోలేదు. ఇంగ్లండున బర్న్‌లీ పట్టణమునకు ఎగువనున్న కొండపై 2006 లో నెలకొల్పిన 3 మీటర్ల ఉక్కుగొట్టముల చెట్టు అట్టిది. కాని నా మనస్సు వీనన్నిటికిని వయస్సున పెద్దయైన శాన్ ఫ్రాన్సిస్కో అలలవాద్యమువైపే మొగ్గును. సిడ్నీ రేవులో తేలియాడు కాంక్రీటు కట్టడపు గాలిగొట్టమునుండి పుట్టిన ధ్వనులను బిల్ ఫొంటానా అను కళాకారుడు రికార్డు చేయగా, అవి ప్రేరకములై, ఎక్స్‌ప్లోరటోరియం అను విజ్ఞానశాలకు చెందిన పీటర్ రిచర్డ్స్, రాతిపనివాడైన జార్జి గొంజాలెస్ తోడ్పాటుతో, 1986 లో దీనిని పూర్తిచేసెను. తొలగింపబడిన యొక శ్మశానవాటిక రాళ్లే దీనికి మెట్లును, పీటలును అయినవి. ఇందలి 25 గొట్టములకు జాదర్ వాద్యమువలె రాగమాధుర్యము లేదు. అల కొనలను తాకినప్పుడును, నీరు లోనికి వచ్చిపోవునప్పుడును బుడబుడయనియు, గుబగుబయనియు పలుకును. ఒక్క నిమిషము నిలిచి వెడలిపోవువానికి ఇది వట్టి రాళ్లగుట్ట.

కాలిఫోర్నియాలో స్థిరపడిన మనవారిని చూడబోవు పాఠకులు, పోటు వేళ ముందుగా విచారించుకొని, రాళ్లనడుమ మెడవంచి నిలిచిన గొట్టపుమూతికి చెవి యానించి, కొంతసేపు కదలక కూర్చుండవలెను. ఆటు సమయమున పోయినచో వినవచ్చునది స్వల్పము.