పులికాట్ ఒడ్డు మిద్దెలకు పెచ్చులెందుకు రాలతాయి?

పులికాట్ సరస్సు చుట్టూ, తడ నుంచి సూళ్ళూరుపేట మీదుగా వాకాడు దాకా, 30, 40 ఏళ్ళ కిందట వేసిన కాంక్రీటు మిద్దెలకు వచ్చే జబ్బు ఒకే తీరున నడుస్తుంది. ముందు స్లాబు అడుగున ఎర్రటి మరక పడుతుంది. తర్వాత ఊచ వెంబడి సన్నని చీలిక వస్తుంది. ఆ తర్వాత అరచేయంత పెచ్చు ఊడి నేల మీద పడుతుంది. ఊడిన చోట సిమెంటు మెత్తించి సున్నం కొట్టించడం అందరికీ అలవాటైన వైద్యం. కొన్నాళ్ళకు ఆ మెత్తిన ముక్కా ఊడుతుంది, దాని పక్కనే కొత్త చీలికా పుడుతుంది. అప్పుడు నింద మేస్త్రీ మీదో, సిమెంటు కంపెనీ మీదో పడుతుంది. నిజానికి పాడవుతున్నది లోపలి ఇనుము. ఇనుము దాకా వెళ్ళని మరమ్మతు ఏదైనా జబ్బును కప్పిపెడుతుందే తప్ప తగ్గించదు.

కాంక్రీటు ఎంత బరువు మోపినా ఓర్చుకుంటుంది గానీ, లాగితే పగులుతుంది. గోడల మీద ఆనిన స్లాబు నడుమ కిందికి వంగాలని చూస్తుంది కాబట్టి దాని అడుగు భాగం సాగుతుంది. ఆ లాగుడును భరించడానికే అడుగున ఊచలు పరుస్తారు. ఈ ఊచలు తుప్పు పట్టకుండా కాపాడేది కాంక్రీటే. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు సున్నం కూడా పుడుతుంది. దాని వల్ల కాంక్రీటు లోపలి తేమ గాఢమైన క్షారంగా, పీహెచ్ 12.5 నుంచి 13 వరకు ఉంటుంది. అంతటి క్షారంలో ఇనుము ఒంటి మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఒకటి ఏర్పడి, తుప్పును రానివ్వదు.

ఈ పొరను చెరిపేవి రెండు. మొదటిది గాలిలోని కార్బన్ డయాక్సైడ్. అది కాంక్రీటులోకి మెల్లగా చొరబడి సున్నాన్ని సుద్దగా మారుస్తుంది. పీహెచ్ 9 దాకా పడిపోయాక పొర నిలవదు. ఇది అన్ని ఊళ్ళలోనూ జరిగేదే. రెండోది ఉప్పులోని క్లోరైడ్. క్షారం తగ్గకపోయినా సరే, ఊచ మీద అక్కడక్కడా పొరకు చిల్లు పొడిచే గుణం దీనిది. తీరప్రాంతపు మిద్దెలు లోతట్టు ఊళ్ళ మిద్దెల కంటే ముందుగా చెడిపోవడానికి కారణం ఇదే.

చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఈశాన్య రుతుపవనాల వానలకు స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీరు చేరి సరస్సులో ఉప్పదనం తగ్గుతుంది. ఎండాకాలంలో ఉత్తరపు మేర చాలావరకు ఎండిపోయి, నేల మీద ఉప్పు తేలుతుంది. గాలి ఆ ఉప్పును, సముద్రపు తుంపరలోని ఉప్పును మోసుకొచ్చి గోడల మీద, సన్‌షేడ్ల మీద, మిద్దె మీద చల్లుతుంది. ఇది బయటి నుంచి వచ్చే ఉప్పు. కట్టేటప్పుడే లోపల కలిసిపోయిన ఉప్పు ఇంకొకటి. చవుడు తగిలిన బోరు నీటితో కాంక్రీటు కలపడం, ఉప్పుటేటి ఇసుక వాడడం ఇందుకు దారులు.

బయటి ఉప్పు కాంక్రీటులోకి దిగే తీరు సరస్సు ఒడ్డున ఉప్పు చేప చేసేవారికి బాగా తెలిసినదే. ఉప్పు పట్టించిన చేపలో ఉప్పు మొదట చర్మం దగ్గర, తర్వాత కండలోకి, చివరికి ముల్లు దాకా చేరుతుంది. చేప మందం రెట్టింపైతే పట్టే కాలం రెట్టింపు కాదు, ఇంచుమించు నాలుగింతలు అవుతుంది. కాంక్రీటులోనూ లెక్క ఇదే. ఊచ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉంటే ఉప్పు 10 ఏళ్ళలో ఊచను అందుకుంటుందనుకుందాం; అదే కాంక్రీటు 40 మిల్లీమీటర్లు ఉంటే సుమారు 40 ఏళ్ళు పడుతుంది. చేపకు గాట్లు పెడితే ఉప్పు త్వరగా దిగినట్టే, చీలిన కాంక్రీటులో ఉప్పు నేరుగా ఊచను చేరుతుంది. చేపను తడిపి ఎండబెట్టిన కొద్దీ నీరు పోయి ఉప్పు మిగిలినట్టే, వానకు తడిసి ఎండకు ఆరే మిద్దెలో ఏటేటా ఉప్పు పేరుకుంటుంది. ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే కాంక్రీటు కంటే తడిసి ఆరే కాంక్రీటు త్వరగా చెడడానికి ఇది ఒక కారణం. తుప్పుకు కావలసిన ఆక్సిజన్ అక్కడ ధారాళంగా అందడం మరొకటి. ఇంకో పోలిక కూడా నిజమే: ఉప్పు ముల్లు దాకా దిగిన చేపకు పైన ఏ పిండి పట్టించినా లోపలి ఉప్పు పోదు.

పొర చెదిరిన చోట ఊచ చిన్న బ్యాటరీగా మారుతుంది. ఒక చోట ఇనుము కరుగుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది. పక్క భాగంలో నీరు, ఆక్సిజన్ వాటిని అందుకుంటాయి. కరిగిన ఇనుము తుప్పుగా మారి, తానున్నప్పటి కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు అడుగుతుంది. చుట్టూ ఉన్నది గట్టిపడిన కాంక్రీటు కాబట్టి చోటు దొరకదు. తుప్పు లోపలి నుంచి తోస్తుంది, లాగుడుకు ఓర్వలేని కాంక్రీటు ఊచ వెంబడి చీలుతుంది. పెచ్చు రాలడమంటే ఇదే. పెచ్చు కంటే పెద్ద నష్టం ఊచ సన్నబడడం. 8 మిల్లీమీటర్ల ఊచ చుట్టూ ఒక్క మిల్లీమీటరు తుప్పుగా రాలితే 6 మిల్లీమీటర్లు మిగులుతుంది. చూపుకు పెద్ద తేడా అనిపించదు గానీ, బరువు మోసే ఇనుములో 44 శాతం పోయినట్టే.

పైపైన సిమెంటు మెత్తడం ఎందుకు నిలవదో ఇప్పుడు తేలికగానే అర్థమవుతుంది. తుప్పు మీద మెత్తిన సిమెంటు ఊచను పట్టుకోదు. ఊచ వెనక ఉప్పు పట్టిన కాంక్రీటు అలాగే ఉంటుంది. పైగా, కొత్త సిమెంటు తగిలినంత మేర ఊచ మళ్ళీ క్షారంలోకి వచ్చి క్షేమంగా ఉంటే, పాత కాంక్రీటులో ఉన్న పక్క భాగం బ్యాటరీలో కరిగే వైపుగా మారుతుంది. అతుకు చుట్టూ కొత్త చీలికలు పుట్టడం ఇందువల్లనే. పెచ్చులు రాలడాన్ని వాస్తులో ఈశాన్యపు దోషంగా చెప్పి గుమ్మాలు మార్పించడం, మెట్లు పగలగొట్టించడం ఇంకా దారుణం. మరమ్మతుకు దాచుకున్న సొమ్ము అక్కడ ఖర్చవుతుంది, ఊచ మాత్రం తుప్పు పడుతూనే ఉంటుంది. ఉప్పుకు దిక్కులతో పని లేదు.

మరమ్మతుకు ముందు జబ్బు ఎంతవరకు పాకిందో చూడాలి. చిన్న సుత్తితో స్లాబు అడుగంతా తట్టితే గట్టి చోట ఖంగుమంటుంది, పొర విడిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల చోట్లను సుద్దతో గీసుకుంటే పటం తయారవుతుంది. కొత్తగా పగలగొట్టిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ చల్లితే క్షారం ఉన్నంత మేర గులాబీ రంగు వస్తుంది, రంగు రాని లోతు వరకు కాంక్రీటు క్షారం కోల్పోయినట్టు. ఉప్పు ఎంత లోతుకు దిగిందో తెలుసుకోవడానికి లోతు లోతున పొడి తీసి ప్రయోగశాలలో క్లోరైడ్ కొలిపించాలి. సన్‌షేడ్లను, బాల్కనీలను ముందుగా చూడాలి. వాటిని మోసే ఊచలు అడుగున కాకుండా పై భాగంలో ఉంటాయి. అడుగున మరక కనపడకపోయినా పైన ఊచ తెగి ఉండవచ్చు, అప్పుడు అది ఒక్కసారిగా కూలుతుంది.

మరమ్మతు పనికి వస్తుందని తేలితే, ముందు స్లాబు కింద సర్వి కర్రలో ఇనుప జాకీలో నిలబెట్టి బరువు వాటి మీదికి మళ్ళించాలి. డొల్ల కాంక్రీటును తీసేయడంతో ఆగకుండా ఊచ వెనక 20, 25 మిల్లీమీటర్ల లోతు వరకు, తుప్పు లేని ఇనుము కనిపించేంత పొడవున చెక్కాలి. ఊచను మెరిసేదాకా చుట్టూ రుద్దాలి; ఊచ వెనక వైపు రుద్దకపోతే పని సగమే. నాలుగో వంతుకు మించి అరిగిన ఊచకు తోడుగా కొత్త ఊచ వేసి, రెండు పక్కలా గట్టి ఇనుముతో చాలినంత పొడవు కలపాలి. 8 మిల్లీమీటర్ల ఊచకు ఈ కలుపు సుమారు 40 సెంటీమీటర్లు ఉండాలి. ఆ మీదట జింక్ పూత, పాలిమర్ కలిసిన మోర్టారు, వారం రోజుల తడి. ఉప్పు ఎక్కువగా ఉన్న చోట అతుకు అంచుల్లో జింక్ బిళ్ళలు ఊచకు కట్టడం మంచిది. ఇనుముకు బదులు జింక్ కరుగుతుంది, పక్క ఊచ బతుకుతుంది.

స్లాబులో చాలా భాగం డొల్లగా పలికినా, ఊచలన్నీ సన్నబడినా, కలిపేటప్పుడే ఉప్పు నీరు వాడినట్టు తేలినా అతుకులు వృథా. స్లాబు తీసి కొత్తది వేయాలి. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు ఉన్న గది మీద 10 సెంటీమీటర్ల స్లాబు దాదాపు 3 టన్నులు తూగుతుంది కాబట్టి, ఒక గది తర్వాత ఒక గది, ఇంజనీరు చెప్పిన వరుసలో దించాలి. కొత్త స్లాబు మందంగా ఉండబోతోంది కనుక ఆ అదనపు బరువును పాత గోడలు, పునాది మోయగలవో లేదో ముందే లెక్క కట్టించాలి.

కొత్త స్లాబుకు ఐఎస్ 456 ప్రమాణం (2000) చెప్పే కొలతలే ఆధారం. తీరంలో ఉప్పుగాలి నేరుగా తగలని లోపలి భాగాలకు ఎం25 గ్రేడు కాంక్రీటు, ఊచ మీద 30 మిల్లీమీటర్ల కవర్ (ఊచను కప్పే కాంక్రీటు మందం). గాలికి ఎదురుగా ఉండే బయటి భాగాలకు ఎం30, 45 మిల్లీమీటర్లు. 1978 నాటి ప్రమాణం స్లాబులకు 15 మిల్లీమీటర్ల కవర్‌నే అడిగేది. కంకర రాళ్ళు ఊచ కింద దూర్చే అలవాటు వల్ల ఆ కొద్దీ చాలా చోట్ల దక్కలేదు. కవర్ పెరిగితే స్లాబు మందమూ పెరగాలి. 10 సెంటీమీటర్ల స్లాబులోనే ఊచను పైకి లేపితే దాని పట్టు తగ్గుతుంది. ఊచల కింద అదే కాంక్రీటుతో పోసిన కవర్ బిళ్ళలే పెట్టాలి.

కలిపే నీరు తాగేంత మంచిదైతే సందేహం ఉండదు. ప్రమాణం ప్రకారం నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, ఘనమీటరు కాంక్రీటులో మొత్తం 0.6 కిలోలు దాటకూడదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. ఘనమీటరుకు పట్టే 180 లీటర్లూ ఆ నీరే పోస్తే 3.4 కిలోలు, అంటే హద్దుకు అయిదు రెట్ల పైన. ఎం30కి నీరు సిమెంటు బరువులో 0.45 వంతు మించరాదు: 50 కిలోల బస్తాకు, ఇసుకలోని తడితో కలిపి, 22.5 లీటర్లు. పోత సులువు కోసం ఇంకో బిందె పోస్తే, ఆ నీరు ఆరిపోయాక మిగిలే సన్నని రంధ్రాలే ఉప్పుకు బాటలు. ఫ్లైయాష్, స్లాగ్ కలిసిన సిమెంట్లు బలహీనమన్న మాట తీరంలో చెల్లదు. అవి రంధ్రాలను పూడ్చి ఉప్పును మరింత అడ్డుకుంటాయి. వాటికి కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు మళ్ళు కట్టి మంచి నీరు నిలపాలి.

ఊచ లేని గచ్చు నేలలకు, మెట్లకు ఇంత బెంగ అక్కర్లేదు. ఉప్పు వల్ల అవి పైపైన పొడిరాలవచ్చు, తీసి మళ్ళీ పోసుకుంటే చాలు. సరస్సు దక్షిణపు ఒడ్డున పులికాట్ పట్టణంలో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టిన నాటి నుంచి సిమెంటు వచ్చేదాకా ఈ తీరంలో ఇళ్ళు కట్టింది సున్నంతోనే. సరస్సు గుల్లలు కాల్చి ఆ సున్నం తీసేవారు. ఊచ లేని సున్నపు గోడకు ఈ తుప్పు జబ్బు లేదు. దానికి సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే లోపలి తేమ బయటికి పోక, ఉప్పు వెనకాలే గడ్డకట్టి ఇటుకను కొరుకుతుంది. సున్నపు గోడకు సున్నమే పూయాలి.

బాగుచేసిన మిద్దెకైనా, కొత్త మిద్దెకైనా ఏడాదికొకసారి, వానలకు ముందు, తనిఖీ ఉండాలి. నీరు నిలవకుండా వాలు, గొట్టాలు సరిచూడాలి. వెంట్రుకంత చీలిక కనపడగానే పూడ్చాలి. ఎర్రమరక కనిపిస్తే రంగు వేసి దాచకుండా, సుత్తితో తట్టి చూడాలి. తొలి మరక దగ్గర మేలుకుంటే చెక్కవలసింది జానెడు మేర. పెచ్చు పడేదాకా ఆగితే గదంతా, ఇంకా ఆగితే మిద్దెంతా.