మూతపడిన కర్మాగారముల నేల – దానిని మరల వాడుకొనుట

కర్మాగారము మూతపడిన పిమ్మట యంత్రములను వేలము వేయుదురు. ఇనుమును, రేకులను పాతసామానుల వర్తకులు కొనిపోవుదురు. నేల మాత్రము మిగిలిపోవును. ఊరి చెంత పది యెకరములు ఖాళీగా నుండుట చూచి, అచ్చట గోదామో, పశువుల బీడో, పిల్లల యాటస్థలమో యేర్పరచుకొనిన బాగుండునని గ్రామస్థులకు తోచుట సహజము. ధరయు చవుకగనే యుండును. ఆ చవుకకు కారణ మేమో విచారింపక సంఘపు సొమ్ము వెచ్చింపరాదని మా యభిప్రాయము.

ఈ విషయమున అమెరికాలోని సియాటిల్ నగరపు అనుభవము మన రైతులు తెలిసికొనదగినది. ఏలయన, అచ్చట జరిగిన పని యించుమించు వ్యవసాయమే. ఆ నగరమున యూనియన్ సరస్సు నొడ్డున 1906 మొదలు 1956 వరకు, మొదట బొగ్గునుండియు తరువాత నూనెనుండియు గ్యాసు తీయు కర్మాగార మొకటి నడచెను. ఆ యేబది యేండ్లలో తారును, నూనెలును నేలలోనికి దిగిపోయెను. 1962లో నగరపాలకులు ఆ స్థలమును కొనుటకు నిశ్చయించిరి. దానిని తీర్చిదిద్దుటకు నియమింపబడిన రిచర్డ్ హాగ్ అను ఉద్యాన శిల్పి పాత గోపురములను కూల్పింపక నిలుపుమనియు, చెడిన మట్టినంతయు త్రవ్వి వేరొకచోట పోయుటకంటె సాధ్యమైనంత వరకు ఉన్నచోటనే బాగుచేయుట మేలనియు పట్టుబట్టెను. మురుగునీటిని శుద్ధిచేయగా మిగిలిన బురదను, రంపపు పొట్టును నేలపై పరపించి, మట్టిలో కలియ దున్నించెను.

ఇందలి మర్మము మన పెంటపోగులో నున్నదే. చెత్తను ఎరువుగా మార్చు సూక్ష్మజీవుల జాతివారే తారునూనెలను గూడ మెల్లగా తిని జీర్ణించుకొందురు. వానికి గాలి, తేమ, నత్రజని కావలెను. బురద నత్రజని నిచ్చును. దున్నకము గాలి నిచ్చును. ఈ తీరున సిద్ధమైన ఉద్యానము 1975లో ప్రజలకు తెరువబడెను. కూల్చిన కట్టడముల రాళ్లురప్పలను గుట్టగా పోసి, పైని మంచిమట్టి కప్పి పచ్చిక పెంచిరి. బాయిలరుశాల వనభోజనముల పందిరి యయ్యెను.

అయితే పని యంతటితో ముగియలేదు. 1984లో మట్టిని పరీక్షింపగా విషపదార్థములు కనబడుటచే ఉద్యానమును కొంతకాలము మూసిరి. తరువాతి కాలమున భూమిలోనికి గాలి నెక్కించి, లోతున నిలిచిన బెంజీనును వెడలగొట్టవలసి వచ్చెను. పచ్చికపై కూర్చుండవచ్చును గాని సరస్సులో దిగరాదని యచ్చట కట్టడి చేసిరి. పైమట్టి బాగుపడినంత మాత్రమున అడుగుమట్టి బాగుపడినట్లు గాదు.

మరియొక సంగతి. పెంటయెరువు నూనెలకు మందే గాని లోహములకు మందు గాదు. సీసము, పాదరసము, క్రోమియము మొదలగు వానిని ఏ జీవియు తిని నాశనము చేయజాలదు. రూపము మార్చుటయో, కదలకుండ కట్టివేయుటయో, తొలగించుటయో చేయవలెను. మన చిత్తూరుకు దక్షిణమున, తమిళనాటి రాణిపేటలో మూతపడిన క్రోమియము కర్మాగార మొకటి రెండు లక్షల టన్నులకు పైబడిన వ్యర్థమును గుట్టగా విడిచిపోయెను. ఆర్సెనిక్ అను పాషాణమును వ్రేళ్లతో పీల్చి ఆకులలో దాచుకొను ఫెర్ను జాతి మొక్క యొకటి కలదని 2001లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మంచిదే. కాని కోసిన ఆకే విషమగును గదా! దానిని పశువులకు వేయరాదు, ఎరువుదిబ్బలోను వేయరాదు.

గోడలోపలి నేలను మాత్రము చూచుటయు చాలదు. రాజస్థానమున ఉదయపురము జిల్లాలోని బిచ్చరి గ్రామమున రసాయన కర్మాగారముల మడ్డినుండి విషము వానతో భూమిలోనికి దిగి, రైతుల బావుల నీరు రంగు మారి త్రాగుటకు గాని, పైరుకు గాని పనికిరాక పోయెను. చెరచినవారే బాగుచేయు ఖర్చు భరింపవలెనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 37 కోట్లకు పైబడిన ఆ సొమ్మును వడ్డీతో చెల్లింపుమని అదే న్యాయస్థానము 2011లో మరల ఆజ్ఞాపింపవలసి వచ్చెను. తీర్పునకు పిమ్మట పదునైదేండ్లు! ఆ బావుల క్రింది రైతు ఈలోగా ఏమి త్రాగెనో, ఏమి పండించెనో ఊహించుకొనవలసినదే.

కేంద్ర ప్రభుత్వము 2025 జూలైలో కలుషిత స్థలములను గూర్చి ప్రత్యేక నియమములను ప్రకటించినది. వాని ననుసరించి అనుమానము గల స్థలములను స్థానికసంస్థగాని జిల్లా అధికారులుగాని గుర్తించి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలుపవలెను. మండలి పరీక్షలు జరిపించి, బాధ్యులెవరో తేల్చవలెను. కావున సంఘము అట్టి నేల కొనదలచినచో, ముందుగా పంచాయతీ ద్వారా వ్రాతపూర్వకముగ తెలియపరచి, పరీక్షాఫలితము చేతికి వచ్చువరకు బయానా ఇయ్యకుండుట మంచిది.

అచ్చట పూర్వము పనిచేసిన కూలీలను విచారించినచో మడ్డి నెక్కడ పాతిరో, నీటి నెటు విడిచిరో తెలియును. కాగితములలో లేనిది వారి నోట వచ్చును. సిమెంటు గచ్చు వేసిన గోదామునకు పనికివచ్చు నేల, కూరగాయలకును మేతకును పనికిరాకపోవచ్చును. మనము నత్రజని, భాస్వరము, పొటాషులకై చేయించు భూసార పరీక్ష ఈ విషములను చూపదు. లోహములకును నూనెలకును వేరుగ పరీక్ష కోరవలెను. మట్టిని పైనుండి మాత్రమే గాక పలుచోట్ల, పలు లోతుల తీయవలెను. చుట్టుపట్ల బావుల నీటిని వేసవిలో నొకసారి, వానలు వెలిసిన పిమ్మట నొకసారి పరీక్షింపించవలెను.